జనవరిలో చెమట

మోకాలి మీదికి ఎర్ర దీపం వంచి, "కాకా, ఇరవై నిమిషాలు కదలొద్దు, కదిల్తె కాల్తది" అని చెప్పి ఫిజియోథెరపీ పిల్ల స్నేహల్ తెర అవతలికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో, మాల్టాలో జరిగే ఆట రెండో సగం మొదలైంది. పద్దెనిమిది, ఆరు. పద్దెనిమిది మాల్టావి, దిగంబర్ కోచ్‌గా ఉన్న జట్టువి. ఆరు నావి. నావి అంటే నార్వేవి, కానీ ఈ గంటసేపు నార్వే నాదే. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో మొన్నటిదాకా తెలియదు, ఇప్పుడూ సరిగా తెలియదు, అక్కడ మంచు కురుస్తుందట, చేపలు తింటారట, వాళ్ళ పదమూడు మంది ఎర్ర చొక్కాలు వేసుకున్నారు, అంతే తెలుసు. ఫోన్ కిటికీ గట్టు మీద ఉంది. ఛార్జర్ తీగ అక్కడిదాకే వచ్చింది. నా చేతికి రెండు మూరల దూరం. బొమ్మ కనబడుతుంది, అందదు. పరవాలేదు. ఇప్పుడు నా పని చూడటమే. చేయాల్సింది గురువారం నాడే చేసేశాను.

చేశాను, కానీ వాళ్ళు వింటేనా? మొదటి సగం నలభై నిమిషాలు కళ్ళు కాయలు కాసేలా చూశాను, ఒక్క నార్వే వాడు కూడా నా మాట విన్నట్టు ఆడలేదు. నవ్వుకుని ఉంటారు. ఎక్కడో ఇండియాలో, నాందేడ్ అనే ఊళ్ళో, ఒక స్కూల్ ప్యూను సున్నంతో గీసిన గీత మీద వంగి, ఎడమ చెయ్యి నేలకు ఆనించి, లేచి, మళ్ళీ వంగి చూపించిన వీడియో. కింద గూగుల్ తర్జుమా చేసిన మూడు వాక్యాలు. 'నేల ముట్టినవాడే కాలికి వస్తాడు. వాడు రాకముందే బంతి పక్కవాడికి ఇవ్వండి. ప్రతిసారీ.' నార్వే జట్టు పేజీ నడిపే పిల్ల, పేరు ఇంగ్రిడ్, బొటనవేలి గుర్తు పెట్టి, కోచ్‌కు చూపించానని రాసింది. చూపించిందో లేదో. ఈ దీపం మోకాలిని కాదు, నన్ను కాలుస్తోంది.

మాల్టా అంటే మన నాందేడ్ అంత. మన ఊళ్ళో ఎంత జనమో ఆ దేశం మొత్తం కలిపి సుమారు అంతే. వజీరాబాద్, శివాజీనగర్, తరోడా, సిడ్కో అన్నీ ఒక దేశమై, జెండా ఎగరేసి, యూరప్ పోటీకి జట్టును దింపితే ఎలా ఉంటుందో అలాంటి జట్టు అది. అందులో సగం మంది మాల్టాలో పుట్టినవాళ్ళు కూడా కారు. ఆస్ట్రేలియాలో పుట్టారు. తాతో అమ్మమ్మో ఎప్పుడో మాల్టాలో ఓడెక్కి వెళ్ళిపోయారు. తాత పుట్టింది ఇక్కడే అని కాగితం చూపిస్తే చాలు, జెర్సీ ఇస్తారట. మంచి నియమం. మనిషి ఎక్కడ తిరిగినా పుట్టుక ఒకటుంటుందని ఒప్పుకునే నియమం. మరి వాళ్ళు పట్టే పట్టు పుట్టుక ఎవరడిగారు? దానికి కాగితం ఎవరు చూశారు? అది బిలోలి తాలూకాలో, సగరోళి దాటాక, మంజీర ఒడ్డున మా ఊళ్ళో, నా ఈ రెండు చేతుల్లో పుట్టింది. కాగితం మీద మాత్రం దిగంబర్ పేరు రాసుకుంది.

"పట్టు!"

అదిగో. మైదానం పక్కన పెట్టిన మైకులో వినబడుతుంది. నీలికళ్ళ వాడు, బుర్రంతా పచ్చబొట్లు ఉన్నవాడు, "పట్టు!" అని అరుస్తాడు. పక్కవాడు వంగుతాడు, ఎడమ చెయ్యి నేలకు తాకిస్తాడు, దూసుకెళ్ళి చీలమండ అందుకుంటాడు. అరిచినవాడు పైనుంచి ఛాతీ అందుకుంటాడు. ఒకడు కిందికి లాగుతాడు, ఒకడు పక్కకు తిప్పుతాడు, వచ్చినవాడు బస్తాలా పడతాడు. కిందివాడు "ఇడువు!" అంటేనే పైవాడు వదులుతాడు. రెండేళ్ళ కింద ఫోన్లో మొదటిసారి విన్నప్పుడు నేను స్కూల్లో గంట కొట్టే గదిలో కూర్చుని ఉన్నాను. సముద్రాల అవతల తెల్లవాళ్ళ నోట మా ఊరి మాట. ఆ రోజు నాలుగో పీరియడ్ గంట పది నిమిషాలు ఆలస్యంగా కొట్టాను, హెడ్‌మాస్టర్ తిట్టాడు. అప్పటి నుంచి ఈ ఆట నేర్చుకున్నాను. పగవాడి ఇంటి చుట్టూ తిరిగి తలుపెక్కడ, కిటికీ ఎక్కడ అని చూసుకున్నట్టు నేర్చుకున్నాను. రగ్బీ లీగ్. అటు పదమూడు, ఇటు పదమూడు. బంతి ఉన్నవాడు ఉరుకుతాడు, ఎదుటివాళ్ళు పట్టి పడేస్తారు, ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్ళకు పోతుంది. చివరి గీత దాటి బంతి నేలకు ఆనిస్తే నాలుగు, ఆ తర్వాత స్తంభాల మధ్యకు తన్నితే ఇంకో రెండు. కబడ్డీయే. కూత లేదు, అంతే.

"ఏందయా హన్మాండ్లూ గిది?" పక్క మంచం మీంచి శంకర్రావు అడిగాడు. మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో ముప్పై ఏళ్ళు కండక్టర్, ఇప్పుడు నడుముకు పట్టీ కట్టి బరువులు వేలాడదీశారు, తల ఒక్కటే తిరుగుతుంది. "మనిషేమో ముందుకు ఉరుకుతుండు, బంతేమో ఎనుకకు ఇస్తుండు. అచ్చం మా డిపో లెక్కనే ఉంది."

"గంతే తాతా. ముందుకు ఇస్తే తప్పు."

"ఎవ్వలు గెలుస్తున్నరు?"

"దొంగలు."

శంకర్రావు నవ్వాడు, నవ్వితే నడుము పట్టేసింది, అబ్బా అన్నాడు. నేను నవ్వలేదు. మాల్టా తెల్ల చొక్కావాడు మళ్ళీ నేల ముట్టాడు. మళ్ళీ. ఒకడు కాదు, కిందికి వెళ్ళే ప్రతివాడూ. ఎడమ చెయ్యి, అరచెయ్యి పూర్తిగా పరిచి, ఒక్క క్షణం. వాళ్ళకు తెలియదు ఎందుకు ముడుతున్నారో. నేర్పినవాడికీ తెలియదు. పట్టు దొంగిలించినవాడు పట్టుతో పాటు నా అవిటితనాన్నీ ఎత్తుకెళ్ళాడు.

నాకు పదమూడేళ్ళప్పుడు జొన్న చొప్ప కోసే కుట్టీ మెషీన్‌లో ఎడమ చెయ్యి పడింది. చిటికెనవేలు, ఉంగరపువేలు సగం సగం పోయాయి. మిగిలిన వేళ్ళకు స్పర్శ పోయింది. మా అమ్మ మైసవ్వ పసుపు, వేపాకు కట్టి బాగు చేసింది, పుండు మానింది, స్పర్శ రాలేదు. వేళ్ళు తెరుచుకున్నాయో ముడుచుకున్నాయో చూస్తే తప్ప తెలియదు. కబడ్డీలో చేతిని చూసుకుంటూ కూర్చుంటే రైడర్ కాలు పోతుంది. అందుకని దూకే ముందు అరచేతిని నేలకు ఆనించేవాణ్ణి. నేల పూర్తిగా తగిలితే మణికట్టు వరకు బరువు తెలుస్తుంది, అంటే వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ఇక పట్టవచ్చు. అంతే దాని రహస్యం. భక్తి కాదు, మట్టి పూసుకోవడం కాదు, శకునం కాదు. చేతి మీద నమ్మకం లేనివాడు చేసుకునే తనిఖీ. ఈ సంగతి అమ్మకు తెలుసు, అమ్మ లేదు. ఇక నాకొక్కడికే తెలుసు. దిగంబర్ ఆరేళ్ళు నా పక్కన ఆడాడు, ఒక్కసారి కూడా అడగలేదు. చూశాడు, నేర్చుకున్నాడు, తనకు పదివేళ్ళూ నిక్షేపంగా ఉన్నా నేల ముట్టాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పుట్టిన మాల్టా మనవళ్ళ చేత ముట్టిస్తున్నాడు.

పట్టు కూడా ఆటలో పుట్టింది కాదు. పశువుల డాక్టరు సూదులు వేయడానికి ఊరికి వచ్చినప్పుడు దూడలను నేను పట్టేవాణ్ణి. వెనక కాలి గిట్ట పైన పట్టి లోపలికి తిప్పాలి, ఇంకొకడు మెడ దగ్గర అదే వైపుకు ఒరగాలి, దూడ తనంతట తానే కూర్చుంటుంది, దెబ్బ తగలదు. ఆ రెండోవాడు దిగంబర్. మంజీర ఎండిన రోజుల్లో ఇసుకలో దాన్ని మనుషుల మీద చేసి చూశాం. కబడ్డీలో ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడితే దాన్ని సాఖళి అంటారు, గొలుసు. ముందువాణ్ణి నేను. వెనకవాడు దిగంబర్. ముందువాడు కాలికి వెళ్ళినప్పుడు వాడి ఒళ్ళంతా గాలిలో ఉంటుంది, వాణ్ణి నేలకు కట్టి ఉంచేది వెనకవాడి చెయ్యి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. ముందువాడు "ఇడువు" అన్నదాకా వెనకవాడు వదలకూడదు. ప్రాణం పోయినా సరే. ఆ మాట వాడే అన్నాడు, నేను కాదు. ప్రాణం వోయినా ఇడువరా అన్నాడు.

కొట్టు. కొట్టు. నార్వే వాడు బంతి అందుకున్నాడు, పొడుగువాడు, జుట్టు వెనక్కి కట్టుకున్నాడు. పరుగు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడు? తల వంచాడు. వాడు ఎదుటివాళ్ళ ముఖాలు చూడటం లేదు. చేతులు చూస్తున్నాడు! తెల్ల చొక్కావాడు నేల ముట్టాడు, దూకాడు, ఆ దూకినంత సేపట్లో బంతి పక్కవాడి చేతికి వెళ్ళిపోయింది. కిందివాడు ఖాళీ కాళ్ళు పట్టుకుని పడ్డాడు, పైవాడు గాలిని కౌగిలించుకున్నాడు, పక్కవాడు ఆ సందులోంచి ఉరికాడు. ఉరుకు. ఉరుకు. గీత దాటి బంతి నేలకు ఆనించాడు. ఆ తర్వాత తన్నిన తన్ను స్తంభాల మధ్య నుంచి పోయింది. పద్దెనిమిది, పన్నెండు.

"కాకా! మోకాలు!" స్నేహల్ పరుగెత్తుకొచ్చింది. నేను అరిచానట. నాకు వినబడలేదు. దీపం దూరం జరిపి, మోకాలి చుట్టూ చల్లటి జెల్లు పూసి నాలుగు ప్యాడ్లు అంటించి, యంత్రం తీగలు తగిలించింది. "ఇగ కరెంటు. చీమలు పాకినట్లు ఉంటది. ఎక్కువైతె చెప్పుండ్రి. లేవద్దు మాత్రం."

"ఎక్కువ పెట్టు బిడ్డా."

"ఎక్కువ పెడ్తె కాలు తన్నుకుంటది."

తన్నుకోనీ. ఇరవై ఏళ్ళ నుంచి దానికి ఆ భాగ్యం లేదు. చీమలు పాకాయి. రెండు వేల నాలుగు జనవరి, ఇదే ఊళ్ళో స్టేడియం, ఉదయం ఎనిమిది గంటలు. నోట్లోంచి ఆవిరి వస్తోంది, శాలువాలు కప్పుకుని సెలక్టర్లు కూర్చున్నారు. రైల్వే జట్టుకు ఎంపిక. ఎడమ మూల కాసేవాడు ఒక్కడే కావాలి. మా ఊరి నుంచి ఇద్దరం, ఇద్దరిదీ ఎడమ మూలే. ముందు రోజు ధర్మాబాద్ నుంచి రైలెక్కి వస్తూ ఒకే డబ్బాలో జొన్నరొట్టె తిన్నాం. ఎవరికి వస్తే ఏముంది, పట్టు మన ఊరిది అన్నాడు. పర్భణీ రైడర్ వచ్చాడు, ఎద్దులాంటివాడు. నేను నేల ముట్టాను. వేళ్ళు తెరుచుకున్నాయి. దూకాను. చీలమండ దొరికింది, పూర్తిగా దొరికింది, తిప్పాను, వాడు ఒరుగుతున్నాడు, నా ఒళ్ళు గాలిలో ఉంది, నా కుడి చెయ్యి దిగంబర్ ఎడమ చేతిలో ఉంది. ఉంది. ఆ తర్వాత లేదు. నేను ఇడువు అనలేదు. ఊపిరి బిగబట్టి ఉన్నాను, అనడానికి ఊపిరే లేదు. గొలుసు తెగింది, నేను తిరగబడ్డాను, రైడర్ నా మోకాలి మీద పడ్డాడు, వాడి మీద ఇంకో ఇద్దరు. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడు. నేను పట్టు తప్పానని సెలక్టరు రాసుకున్నాడు. దిగంబర్ ఆ వెంటనే రెండో రైడర్‌ను పట్టాడు. నా పట్టుతో. నేల ముట్టి మరీ.

ఆసుపత్రికి గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం పట్టుకుని వచ్చాడు. "చెమటకు జారింది రా" అన్నాడు. బిస్కెట్లు తానే విప్పి తానే రెండు తిన్నాడు. జనవరిలో, నోట్లోంచి ఆవిరి వచ్చే పొద్దున, చెమట. అప్పుడు అనలేకపోయిన మాట ఇరవై ఏళ్ళు నా కాల్లో దాక్కుంది, మెట్లు ఎక్కినప్పుడల్లా కలుక్కుమంటుంది.

ఇంకొకటి. మళ్ళీ తల వంచాడు పొడుగువాడు. చూశాడు. ఇచ్చాడు. ఈసారి మూలలో గీత దాటారు, తన్ను గురి తప్పింది. పద్దెనిమిది, పదహారు. ఇప్పుడు మైదానంలో అందరు నార్వే వాళ్ళూ కిందికే చూస్తున్నారు, పోగొట్టుకున్న ఉంగరాలు వెతుకుతున్నట్టు. వినండి నా నాయన్లారా, వినండి. నేను మీ తాతను, నా దగ్గర కాగితం లేదు, అంతే. మాల్టా వాళ్ళకు ఒక పెనాల్టీ దొరికి, తన్ని రెండు కలుపుకున్నారు. ఇరవై, పదహారు. పోనీ. అది పట్టుతో వచ్చింది కాదు.

వచ్చే నెల ఆరో తారీఖు ఆదివారం మా స్కూల్లో సత్కారం. నాందేడ్ జిల్లా ముద్దుబిడ్డ, యూరప్ జట్టు శిక్షకుడు దిగంబర్ గారికి శాలువా, కొబ్బరికాయ. రైల్వే జట్టు నుంచి కబడ్డీ నేర్పడానికని మాల్టా వెళ్ళి, అక్కడే ఈ ఆటకు కోచ్ అయ్యాడు. బ్యానర్‌కు ఆర్డర్ ఇచ్చారు. ఈ ఆట గెలిస్తే మాల్టా పై అంతస్తు పోటీకి వెళుతుంది, అప్పుడు వాడి పట్టును వాడి పేరుతోనే శిక్షణ పుస్తకంలో అచ్చు వేస్తారట, ఆ పుస్తకం పట్టుకుని వేదిక ఎక్కుతాడు. దిగంబర్ లాక్. కామెంటరీవాడు ఇప్పటికే ఆ పేరే అంటున్నాడు, ఇంగ్లీషు మొత్తంలో నాకు అర్థమయ్యే రెండు మాటలు అవే. మా సంస్థ సెక్రటరీ నిలేశ్ సర్ నన్ను పిలిచి పని చెప్పాడు. "హన్మాండ్లూ, గ్రౌండ్ల గీతలు కొత్తగ వెయ్యి. తబక్ నువ్వే పట్టుకో, నీకు ఆయన ఊరోడే కదా, సంతోషపడ్తడు." తబకు. శాలువా, కొబ్బరికాయ ఉన్న పళ్ళెం. నేను కుంటుకుంటూ తీసుకెళ్ళాలి, వాడు తీసుకోవాలి, నా భుజం తట్టాలి, ఫోటో. నేను సరే సర్ అన్నాను. అదే రాత్రి నార్వే పేజీ వెతికాను.

కెమెరా ఇప్పుడు దిగంబర్ మీదికి తిరిగింది. గీత అవతల నిలబడ్డాడు, తెల్ల టోపీ, పొట్ట వచ్చింది. అరవడం మానేశాడు. నార్వే వాళ్ళ కళ్ళు ఎక్కడ చూస్తున్నాయో అటే చూస్తున్నాడు. నెమ్మదిగా తన ఎడమ చెయ్యి పైకెత్తి అరచేతిని చూసుకున్నాడు. ఎంతసేపో చూసుకున్నాడు. ఆ తర్వాత తలెత్తి ఎవరి వైపూ చూడలేదు, దూరంగా చూశాడు. తెలిసింది. వాడికి తెలిసింది. ఈ లోకంలో ఈ సంగతి చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడని తెలిసింది. ఒరే దిగంబర్, నేనే. నాందేడ్‌లో, కాలికి కరెంటు పెట్టించుకుని, మంచం మీద పడుకుని ఉన్నానురా. అక్కడి నుంచే నీ గొలుసు తెంపుతున్నాను. నువ్వు చెయ్యి వదిలితే మోకాలు పోయింది. నేను చెయ్యి చూపిస్తే నీ జట్టు పోతుంది. చూసుకో.

చూసుకున్నాడు. నీళ్ళ సీసాలవాణ్ణి పిలిచి చెవిలో చెప్పాడు. వాడు మైదానంలోకి ఉరికి ఒక్కొక్కడి దగ్గరా ఆగాడు. మరుసటి పట్టు. అందరూ వంగారు. పదమూడు మందీ. చివరన ఉన్నవాడు, మధ్యలో ఉన్నవాడు, కాలికి వెళ్ళేవాడు, వెళ్ళనివాడు, అందరూ ఎడమ చెయ్యి నేలకు ఆనించారు. నార్వే పొడుగువాడు ఎవరిని చూడాలో తెలియక ఆగిపోయాడు, ఆగినవాణ్ణి మూటకట్టినట్టు పడేశారు. ఆ తర్వాత ఇంకోసారి. ఇంకోసారి. తెల్ల చొక్కాల వరుస మొత్తం వంగుతోంది, లేస్తోంది. పదమూడు మంది పదివేళ్ళవాళ్ళు నా సగం వేళ్ళకు వంగుతున్నారు. భలే తెలివి. దొంగవెధవ, భలే తెలివి. కోపంతో పాటు ఇంకేదో కలిసింది, దానికి పేరు పెట్టే తీరిక నాకు లేదు. ఎనిమిది నిమిషాలున్నాయి. ఇరవై, పదహారు. ఇలాగే ఆపితే వాడు గెలుస్తాడు. బ్యానర్, తబకు, పుస్తకం.

కానీ చెయ్యి అబద్ధమాడగలదు. మడమ ఆడలేదు. నాకు తెలుసు, ఆ పట్టును కన్నవాణ్ణి నేను. నిజంగా దూకేవాడు కుడికాలి మునివేళ్ళ మీదికి వెళతాడు, మడమ లేస్తుంది, లేవకుండా దూకలేడు. ఉత్తుత్తిగా వంగినవాడి మడమ నేల మీదే ఉంటుంది. అదిగో, ఐదో నంబరు, మడమ నేల మీద. ఎనిమిదో నంబరు, లేచింది. వాడే వెళ్ళాడు. అదిగో మళ్ళీ. పదకొండు, లేచింది. వాడే. ఎంత సులువు. ఎంత స్పష్టం. చెప్పాలి. ఫోన్ రెండు మూరల దూరంలో ఉంది, కాలికి తీగలున్నాయి.

"స్నేహల్! బిడ్డా, జర ఇటు రా. ఆ ఫోన్ల ఒక మెసేజ్ కొట్టు. ఇంగ్లీష్‌ల."

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవ్వలికి కాకా?"

"పైన ఇంగ్రిడ్ అని ఉంటది చూడు. ఇట్ల రాయి. చేతులు చూడొద్దు, కుడికాలి మడమ చూడుండ్రి. మడమ లేచినోడే కాలికి వస్తడు. గంతే."

సగం కొట్టి ఆగింది. తెర మీద ఆట చూసింది, పైన నా పాత మెసేజ్ చూసింది, నన్ను చూసింది. స్నేహల్ వాళ్ళది ముద్‌ఖేడ్, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడతారు, పేపర్లో దిగంబర్ ఫోటో వచ్చిన రోజు ఈ గోడకు కూడా అంటించింది. ఇప్పటికీ ఉంది, క్యాలెండర్ పక్కన.

"కాకా, ఈ కోచ్ మన నాందేడాయనే కద?"

"అవు."

"మరి అవతలోళ్ళకు చెప్తున్నరేంది? మనోడు ఓడిపోతడు కద."

"మనోడు కాబట్టే చెప్తున్న. పరాయోడైతె నాకెందుకు?"

"గదేం మాట కాకా?"

"ఈ కాలు ఎట్ల పోయిందని మొదటి రోజు అడిగితివి. ఆటల పోయిందని చెప్పిన. ఆటల పోలే. ఆ గోడ మీద ఉన్నోడు చెయ్యి ఇడిచిండు, గందుకు పోయింది."

ఆమె గోడ వైపు చూడలేదు. యంత్రం టిక్కు టిక్కుమంటోంది. పక్క మంచం మీంచి శంకర్రావు, నవ్వు లేకుండా, "కొట్టు బిడ్డా" అన్నాడు. "టికెట్ లేకుండ ఇరువై ఏండ్లు తిరిగిండు ఆయన. దించుదాం."

కొట్టింది. ఒక టిక్కు. రెండు టిక్కులు. నాలుగు నిమిషాలు. ఇంగ్రిడ్ ఎక్కడుంది? టీ తాగుతోందా? ఫోటోలు తీస్తోందా? మూడు నిమిషాలు. "నీలం అయింది కాకా, చూసింది," అంది స్నేహల్, ఫోన్ మీదికి వంగి. ఈ బొమ్మ అసలు ఆట కంటే అర నిమిషం వెనక నడుస్తుంది. అంటే అక్కడ ఇప్పటికే ఏదో జరిగిపోయింది, నాకు ఇంకా తెలియదు. జీవితమంతా అదే నా వంతు. జరిగాక తెలుసుకోవడం. బొమ్మ ఆగింది. గుండ్రంగా తిరుగుతోంది. మాల్టా వాడి కాలు గాలిలో, నార్వే వాడి చెయ్యి గాలిలో, అందరూ గడ్డకట్టి, తిరుగుతోంది, తిరుగుతోంది. ఇలాగే ఆగింది ఆ రోజు కూడా, నేను గాలిలో ఉన్నప్పుడు. వదిలింది. బొమ్మ కదిలింది. నార్వే వాళ్ళలో ఒకడు గీత బయటి నుంచి తన మడమ మీద చెయ్యి కొట్టుకుంటూ అరుస్తున్నాడు. పొడుగువాడు అది చూసి తలూపాడు. రెండు నిమిషాలు. ఐదో పట్టు అయిపోయింది, ఇంకొక్కటే. పదమూడు మంది వంగారు. పదమూడు చేతులు నేల మీద. నాకు ఒక్క మడమ కనిపించింది. ఎనిమిదో నంబరు. వాడికీ కనిపించింది. ఎనిమిదో నంబరు దూకాడు, పొడుగువాడు బంతిని పక్కకు విసిరేశాడు, ఆ పక్క మనిషి లేడు, మైదానం లేదు, ఆకాశం ఒక్కటే ఉంది, ఎర్ర చొక్కావాడు ఒంటరిగా ఉరుకుతున్నాడు, నేను వాడి కాళ్ళతో ఉరుకుతున్నాను, నా రెండు కాళ్ళతో, సరిగ్గా స్తంభాల కింద పడ్డాడు. ఇరవై, ఇరవై. తన్ను. లోపలికి. ఇరవై, ఇరవై రెండు.

ఈల మోగింది. శంకర్రావు బరువుల కింద నుంచే చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. దిగంబర్ టోపీ తీసి నేల మీద కూర్చున్నాడు. వాడి జట్టు పిల్లలు ఒకరిద్దరు ఏడుస్తున్నారు, తాత ఊరి జెర్సీతో ముఖాలు తుడుచుకుంటున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. దూడల మీద కూడా ఉండేది కాదు.

స్నేహల్ యంత్రం ఆపి తీగలు విప్పుతుండగా ఫోన్ మోగింది. ముందు ప్లస్ మూడు ఐదు ఆరు ఉన్న నంబరు, మాల్టాది. నా నంబరు నిలేశ్ సర్ ఇచ్చి ఉంటాడు. తెచ్చి నా చేతికిచ్చింది. అటు వైపు జనం గోల, గాలి.

"నువ్వేనా?" అన్నాడు దిగంబర్.

"నేనే."

ఇంకా గాలి. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మడమ సంగతి నాకు గూడ తెల్వదురా హన్మాండ్లూ," అన్నాడు. ఆ తర్వాత, చిన్నగా, పసిపిల్లవాడు అడిగినట్టు, "ఒక్కటి చెప్పు. నేలెందుకు ముడ్తుంటివి? అందరు నన్ను అడుగుతరు. ఇసుక పట్టు కోసమని చెప్తున్న ఇన్ని ఏండ్లు. అది గాదని నాకెర్కనే."

సగం వేళ్ళ చెయ్యి నా ఒడిలో ఉంది. చూసుకున్నాను, ముడుచుకుని ఉంది.

"చెప్త. ముందు నువ్వొకటి చెప్పు. ఆ దినం చెయ్యి ఎట్ల పోయింది?"

అడిగాక నాకే భయం వేసింది. ఒక్క మాట అంటే చాలు. ఇడిచిన అంటే చాలు. అంటే ఏం చేస్తానో నాకు తెలియదు. బహుశా తబకు పట్టుకునేవాణ్ణి. బహుశా అన్నీ చెప్పేవాణ్ణి, కుట్టీ మెషీన్, అమ్మ, పసుపు, వేపాకు, అన్నీ. వాడు ఎంతసేపు ఆగాడంటే, స్నేహల్ నాలుగు ప్యాడ్లూ తీసి, జెల్లు తుడిచి, గుడ్డ మడతపెట్టేసింది.

"చెప్పిన కదరా అప్పుడే," అన్నాడు. "చెమటకు జారింది."

"అవునవును. మరిచిన."

"నేల సంగతి చెప్పు మరి."

"ఫోన్ల చెప్పేది గాదు అది. చూపియ్యాలె. ఆరో తారీఖు వస్తున్నవ్ కద, ఓడినా సరే రా, మన స్కూలే. నిలేశ్ సర్‌కు నేను చెప్త. వేదిక మీద గాదు, గ్రౌండ్ల, పిల్లల ముందట, మనిద్దరం సాఖళి పడ్దాం. ఈపారి ముందట నువ్వుండు. ఎనుక నేనుంట. కాలికి వోయేటప్పుడు నేల ముట్టు, అప్పుడు చెప్త ఎందుకో."

"నీ మోకాలు?"

"ఎనుకోనికి మోకాలెందుకురా? చెయ్యి ఉంటె చాలు."

నవ్వాడు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే నవ్వు. "వస్త" అన్నాడు. వస్తాడు. పట్టు వాడిది కాదని వాడికి ఈ రోజు తెలిసింది, ఆ మిగిలిన ముక్క కోసం ఎంత దూరమైనా వస్తాడు. ఎదుట రైడర్‌గా ఎవరు రావాలో కూడా నాకు తెలుసు. పోలీసు జట్టు కైలాశ్, తొంభై ఆరు కిలోలు, పిలిస్తే కాదనడు. ఫోన్ పెట్టేశాను.

"ఇగ లేవుండ్రి కాకా, మెల్లగ," అంది స్నేహల్. మంచం అంచుకు జరిగాను. లేచే ముందు వంగి ఎడమ చెయ్యి చల్లటి బండకు ఆనించాను. బరువు మణికట్టు దాకా వచ్చింది. వేళ్ళు తెరుచుకున్నాయి. కుడి చెయ్యి ముందుకు చాపాను, స్నేహల్ పట్టుకుంది, లేచాను. గీతలు నేనే గీస్తాను, కొత్త సున్నంతో, తెల్లగా. వాడు చెయ్యి ఇస్తాడు. దూకుతాడు. వాడి ఒళ్ళంతా గాలిలో ఉంటుంది. ఇడువు అని వాడు అనడు, అనడానికి ఊపిరుండదు. నాకు కూడా అప్పటికి కొంచెం చెమట పడుతుంది.